వెలిగొండల వారగా మూడు రోజుల సైకిలు ప్రయాణం: ఏ దారి మేలు?

ప్రశ్న (నెల్లూరు నుంచి)

అందరికీ నమస్కారం. నాకు 52 ఏళ్లు. రెండేళ్లుగా తెల్లవారుజామున మైపాడు దారిలో మాగాణి పొలాల మధ్య సైకిలు తొక్కుతున్నాను. ఆ చదునైన దారి కాళ్లకు బాగా అలవాటైపోయింది కాబట్టి, ఈసారి కొండలను చూస్తూ సాగే దారిలో మూడు రోజులు నెమ్మదిగా తిరిగి రావాలని ఉంది. సంక్రాంతి సెలవులకు వచ్చే నా మేనల్లుడు కూడా వెంట వస్తానంటున్నాడు. వాడికి 17 ఏళ్లు. మాకు పందేలూ పరుగులూ అక్కర్లేదు. రోజుకు 50 కిలోమీటర్లు మించకుండా, చెరువు కనబడితే ఆగుతూ, గుడి కనబడితే దిగుతూ వెళ్లాలన్నదే మా కోరిక.

కిందటి జనవరిలో నేనొక్కడినే ఒక్క రోజులో పెంచలకోనకు వెళ్లి రావాలని బయలుదేరి చాలా కష్టపడ్డాను. పోయేటప్పుడు హాయిగా సాగిన దారే తిరుగు ప్రయాణంలో ఎంత తొక్కినా తరగలేదు. పొదలకూరు చేరేసరికే చీకటి పడింది, అరచేతులు మొద్దుబారి బ్రేకు పట్టు కూడా తెలియలేదు. అది నా వయసు వల్లనా, దారి వల్లనా అన్నది నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. ఆ ప్రాంతాల వారు ఎవరైనా మంచి దారి చెబితే ఎంతో సంతోషిస్తాను. ఘాట్ ఎక్కడం మాలాంటి వారికి తగునా అన్నది కూడా దయచేసి చెప్పండి.

జవాబు 1 (రాపూరు నుంచి)

నమస్కారమండీ. పెంచలకోనను మీరు ఒక్క రోజులో ముగించాలనుకోవడమే పొరపాటు. అక్కడ ఒక రాత్రి ఉండి తీరాలి. పొదలకూరు దాటాక రోడ్డుకు ఇరువైపులా నిమ్మతోటలు వస్తాయి. పొద్దున్నే ఆ తోటల పక్కన ఆగితే, కాయలు కోసి గోతాలకెత్తుతున్న కూలీల చేతుల నుంచి వచ్చే నిమ్మవాసన రోడ్డు మీదికి తెలుస్తుంది. రాపూరు దగ్గరపడుతుండగా నేల ఎర్రబడి, దారి మెల్లగా ఎత్తుపల్లాలు తిరుగుతుంది.

కండలేరు జలాశయాన్ని మాత్రం తప్పకుండా చూడండి. తెలుగుగంగ పథకంలో భాగమైన ఈ జలాశయం నిల్వ సామర్థ్యం 68 టీఎంసీలు, మట్టికట్ట పొడవు సుమారు 11 కిలోమీటర్లు. చెన్నై నగరానికి తాగునీరు వెళ్లేది ఇక్కడి నుంచే. కట్ట మీదికి సైకిలు తీసుకెళ్లాలంటే ముందుగా అక్కడి సిబ్బందిని అడగండి. సాయంకాలం కట్ట కింది నుంచి చూసినా పడమట వెలిగొండలు నీలంగా వరుసకట్టి కనబడతాయి.

పెంచలకోనకు శనివారం వెళ్లకండి, రద్దీ ఎక్కువగా ఉంటుంది. నరసింహస్వామి చెంచులక్ష్మిని పెనవేసుకుని శిలగా వెలిశాడు కాబట్టి పెనుశిల అయిందని, అదే పెంచలకోనగా మారిందని మా పెద్దలు చెబుతారు. పెంచలయ్య, పెంచలమ్మ అన్న పేర్లు లేని ఊరు మా వైపు దొరకదు.

ఘాట్ విషయానికి వస్తే, రాపూరు నుంచి చిట్వేలు వెళ్లే దారి మీకు తగదని నా అభిప్రాయం. మలుపులు ఇరుకుగా ఉంటాయి, బరువు వాహనాలు వెనుక నుంచి వస్తే తప్పుకోవడానికి అంచున చోటుండదు. ఈ కొండలు ఎంత అడ్డమో చెప్పాలంటే, వెంకటాచలం నుంచి ఓబులవారిపల్లెకు వేసిన రైలుమార్గం కోసం వీటి కింద 6.6 కిలోమీటర్ల సొరంగం తవ్వవలసి వచ్చింది. 2019లో ఆ మార్గం మొదలైంది. మీరు కొండ పాదం దాకా వెళ్లి వెనక్కి తిరగండి. పైగా ఈ కొండల్లో పెద్ద భాగం పెనుశిల నరసింహ అభయారణ్యం కిందికి వస్తుంది. ఎర్రచందనం ఉన్న అడవి కనుక, అనుమతి లేకుండా రోడ్డు దిగి అడవి బాటల్లోకి వెళ్లడం నేరం. కుర్రవాడికి ఈ మాట ముందే చెప్పండి.

జవాబు 2 (ఉదయగిరి నుంచి)

అయ్యా, నమస్కారం. మిమ్మల్ని కిందటేడు ఇబ్బంది పెట్టింది మీ వయసు కాదు, గాలి. మార్గశిర పుష్య మాసాల్లో మన వైపు పగటి గాలి ఎక్కువగా ఈశాన్యం నుంచి వీస్తుంది. నెల్లూరు నుంచి పెంచలకోనకు నైరుతి దిక్కుగా వెళ్లేటప్పుడు ఆ గాలి వీపును తోసింది, తిరిగి వచ్చేటప్పుడు అదే గాలి రొమ్ముకు ఎదురైంది. పొద్దున బలం మిగిలి ఉన్నప్పుడు గాలి సాయం చేసి, సాయంత్రం అలసిపోయాక ఎదురు నిలిచింది కాబట్టే దారి తరగనట్టు అనిపించింది.

అందువల్ల నా సలహా ఇది. నెల్లూరు నుంచి కొండకు వెళ్లి అదే దారిన తిరిగి రాకండి. సైకిళ్లను ఏదైనా వాహనంలో వేసుకుని నేరుగా ఉత్తరాన చంద్రశేఖరపురం మండలంలోని భైరవకోన దాకా వెళ్లి, అక్కడి నుంచి కొండల వారగా దక్షిణానికి తొక్కుతూ దిగండి. అప్పుడు గాలి చాలావరకు మీ వెనుకనో పక్కనో ఉంటుంది, వెలిగొండలు రోజంతా మీ కుడిచేతి వైపున తోడు వస్తాయి. కొండకు ఎదురుగా వెళ్తే అది కనబడేది చివరి గంటలోనే. కొండ పక్కన సాగితే అది పూటపూటకూ రంగు మారడం చూడవచ్చు. ఇరవై ఏళ్లుగా ఈ రోడ్ల మీద తిరుగుతున్నాను, ఈ ప్రాంతాన్ని చూడవలసిన తీరు ఇదేనని నా గట్టి నమ్మకం.

భైరవకోనలో ఒకే కొండరాతిని తొలిచి మలిచిన 8 శివాలయాలున్నాయి, పక్కనే జలపాతం ఉంది. కార్తిక పౌర్ణమికి జనం కిక్కిరిసిపోతారు గానీ సంక్రాంతి నాటికి ప్రశాంతంగా ఉంటుంది. పొద్దున దర్శనం చేసుకుని సీతారామపురం మీదుగా బయలుదేరితే, నెమ్మదిగా తొక్కినా సాయంత్రానికి ఉదయగిరి చేరతారు. దారిలో మెట్ట చేలు, పొగాకు బ్యారన్లు, గొర్రెల మందలు తప్ప పెద్ద ఊళ్లు తక్కువ కనుక నీళ్లు నింపుకునే చోటు కనబడినప్పుడల్లా నింపుకోండి. జీవాల మంద ఎదురైతే సైకిలు దిగి నిలబడండి. మంద తనంతట తాను విడిపోయి దారి ఇస్తుంది. గంట కొడితే మాత్రం కాపలా కుక్కలు మీదికి వస్తాయి.

ఉదయగిరిలో రాత్రి ఉండి, మరునాటి పొద్దున ఒక పూట ఊరికి కేటాయించండి. దుర్గం ఉన్న కొండ ఎత్తు 3079 అడుగులు. శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుంచి ఈ దుర్గాన్ని 1514లో గెలుచుకుని, ఇక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని హంపికి తరలించి అక్కడ గుడి కట్టించాడు. కొండ ఎక్కడానికి సమయం చాలకపోయినా, చెక్క గరిటెలు చేసే ఇళ్లకు తప్పక వెళ్లండి. నర్ది, బిక్కి వంటి అడవి కర్రను చెక్కి, ఆకురాయితో అరగదీసి, పిడి చివర చేపనో పువ్వునో తీరుస్తారు. పూర్తయిన చెంచాను వెలుతురుకు పట్టి చూస్తే అంచు ఎంత పలచగా ఉంటుందో తెలుస్తుంది. ఒకటి కొని జేబులో వేసుకుంటే సైకిలుకు బరువేమీ కాదు.

రెండో రోజు మధ్యాహ్నం మర్రిపాడు మండలం మీదుగా ఆత్మకూరు వైపు రండి. బద్వేలు నుంచి వచ్చే జాతీయ రహదారి కలిసిన చోటి నుంచి కృష్ణపట్నం రేవుకు వెళ్లే లారీలు ఎక్కువ. ఆ ముక్కను తొందరపడకుండా, రోడ్డు అంచునే దాటండి. ఓపిక ఉంటే మరో రోజు కలుపుకుని అనంతసాగరం మీదుగా సోమశిల చూసి రావచ్చు. పెన్న వెలిగొండలను చీల్చుకుని మైదానంలోకి వచ్చే చోటు అది, 78 టీఎంసీల జలాశయం. కొండల మధ్య నుంచి నది బయటపడే దృశ్యం మన జిల్లాలో మరెక్కడా లేదు.

చివరి రోజు ఆత్మకూరు నుంచి నెల్లూరుకు సుమారు 55 కిలోమీటర్లు. మీరు అనుకున్నదానికి కాస్త ఎక్కువే గానీ, దారి చాలావరకు చదును. దిక్కు తూర్పు కనుక గాలి కొంత ఎదురవుతుంది. వెలుగు రాగానే బయలుదేరితే గాలి లేచేలోపు సంగం చేరతారు. అక్కడ పెన్న బ్యారేజీ దాటి పొదలకూరు వైపు తిరిగితే లారీల బాధ ఉండదు, అయితే దూరం కొంత పెరుగుతుంది. మంచు బాగా పడే రోజులు కాబట్టి వెనుక ఎర్ర దీపం లేకుండా మాత్రం కదలకండి.

జవాబు 3 (కలిగిరి నుంచి)

పై మిత్రులు చెప్పినవి సరైనవే. సైకిళ్లు బాగుచేసే వాడిగా ఒక్క విషయం కలుపుతాను. మెట్ట ప్రాంతంలో ట్యూబులను చంపేది గాజుపెంకులు కాదు, పల్లేరుకాయ. ఎలా పడినా ఒక ముల్లు పైకే నిలబడి ఉంటుంది. వర్షాలకు పెరిగి, చలికాలానికి ఎండి, రోడ్డు అంచు మట్టిలో కలిసిపోయి ఉంటుంది. లారీ వస్తోందని మట్టిలోకి దిగిన ప్రతిసారీ ఆగి, రెండు టైర్లనూ వేలితో తడిమి కాయలను పీకేయండి. వెంటనే తీస్తే ముల్లు ట్యూబు దాకా పోదు, అలాగే తొక్కితే పది నిమిషాల్లో గాలి దిగుతుంది. మనిషికి రెండు ట్యూబులు, ప్యాచీలు, సొల్యూషన్, చిన్న పంపు దగ్గర ఉంచుకోండి. గేరు సైకిళ్ల ట్యూబు సైజులు పల్లెటూరి దుకాణాల్లో దొరకవు.

ప్రశ్న వేసినవారు

అందరికీ మనఃపూర్వక కృతజ్ఞతలు. గాలి సంగతి నాకు తట్టనే లేదు. ఉత్తరం నుంచి దిగే దారినే ఖాయం చేసుకుంటున్నాము, పెంచలకోనను వేసవి ముందు మరోసారికి ఉంచుకుంటాము. ఒక్క సందేహం మిగిలింది. తుపాను వర్షాలు ఆలస్యంగా కురిస్తే వాగుల మీది చప్టాలు దాటడం సురక్షితమేనా?

జవాబు 2 (ఉదయగిరి నుంచి)

నీరు పారుతున్న చప్టాను సైకిలు మీద దాటకండి. లోతు చీలమండ దాకానే ఉన్నా కింద పాచి పట్టి ఉంటుంది. నేను మూడేళ్ల కిందట అలాగే జారి మోకాలు చీల్చుకున్నాను, అప్పుడు నీరు నాలుగు వేళ్ల లోతు కూడా లేదు. చెప్పులతో దిగి, నీరు వచ్చే వైపున మీరు, అవతలి వైపున సైకిలు ఉండేలా పట్టుకుని నడవండి. మోకాలు దాటితే ఆగిపోయి ఊరివాళ్లను అడగండి. వాగు ఎప్పుడు తగ్గుతుందో వాళ్లే చెబుతారు.

బయలుదేరే వారం ముందు ఇక్కడ ఒక మాట రాయండి. భైరవకోన, ఉదయగిరి మధ్య దారి ఆ నాటికి ఎలా ఉందో స్వయంగా చూసి చెబుతాను.