సూప్‌లో పప్పు ఉడకట్లేదు, సలాడ్‌లో నీళ్లు ఊరుతున్నాయి. ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. నాన్నగారికి షుగర్. రాత్రిపూట అన్నం తగ్గించి, కడుపు నిండేలా పప్పు సూప్, సలాడ్ పెడుతున్నాను. రెండూ కుదరడం లేదు.

కందిపప్పు అరగంట నానబెట్టి, టమాటా, క్యారెట్, సొరకాయ ముక్కలతో కలిపి కుక్కర్‌లో ఐదు విజిల్స్ రానిస్తాను. అయినా పప్పు పలుకుగానే ఉంటోంది. పులుపు ముందే పడితే పప్పు ఉడకదని అమ్మ ఎప్పుడూ చెప్పేది. చింతపండు పులుసు చివర్లో పోయడం తెలుసు గానీ, టమాటా కూడా పులుపేనని తట్టలేదు! టమాటా తర్వాత వేస్తే కొంత నయం, అంతే. మాది బోరు నీళ్లు, గిన్నెలకు తెల్లగా పొర కడుతుంది. కారణం అదేనా? చిటికెడు వంటసోడా వేస్తే రుచి చెడుతుందా?

సలాడ్‌కి వడపప్పులాగే పెసరపప్పు నానబెట్టి కీరదోస, కొబ్బరి తురుము, ఉప్పు, నిమ్మరసం కలుపుతాను. గంటలో అడుగున నీళ్లు చేరతాయి. ఉప్పు తినేముందు కలిపితే సరిపోతుందా? బొబ్బర్లు, ఉలవలతో సలాడ్ చేసేవాళ్లుంటే, గింజ చితక్కుండా ఎన్ని విజిల్స్ పెట్టాలో చెప్పండి. క్రీమ్, కార్న్‌ఫ్లోర్ సలహాలు మాత్రం వద్దండీ, ఆయన ముట్టరు.