దమ్ములో ట్రాక్టర్ మానిఫోల్డ్ ఎర్రగా కాలుతోంది, డీజిల్ పంపు టైమింగేనా?

మాది 20 ఏళ్లు దాటిన 3 సిలిండర్ల ట్రాక్టర్. ఖాళీగా తిప్పితే ఏ గొడవా లేదు, రోటవేటర్ వేసుకుని దమ్ములో (నీళ్లు పెట్టిన మడిలో) దిగిన పావుగంటకే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (ఇంజన్ నుంచి పొగ బయటికెళ్లే గొట్టం) కాలిపోతోంది, నిన్న చీకటి పడ్డాక చూస్తే కొలిమిలో పెట్టిన కర్రులా ఎర్రగా ఉంది. నీళ్ల వేడి ముల్లు మాత్రం పచ్చగీత దాటట్లేదు. పోయిన నెల డీజిల్ పంపు విప్పి బిగించాకే ఇది మొదలైంది, నల్లపొగ కూడా పెరిగింది. ఎయిర్ క్లీనర్ గిన్నెలో ఆయిల్ మార్చాను (అడుగున అర అంగుళం బురద!), నాజిళ్లు (ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మేవి) టెస్ట్ చేయిస్తే బాగానే ఉన్నాయన్నారు. మెకానిక్ హెడ్ (ఇంజన్ పైమూత) దించాలంటున్నాడు, కానీ రేడియేటర్‌లో బుడగలు లేవు, నీళ్లూ తగ్గట్లేదు, నాకైతే నమ్మకం కుదరట్లేదు. టైమింగ్ (పంపు డీజిల్ కొట్టే సమయం) లేటయితే ఇలా కాలుతుందా, లేక పంపు డీజిల్ ఎక్కువ కొడుతోందా? ఇంటి దగ్గరే తేల్చుకునే మార్గం ఉంటే చెప్పండన్నా, నాట్లకి వారమే ఉంది.