జర్నలిజం పరీక్షకు క్రిమినల్ కోర్టులు, మీడియా చట్టం ఎలా చదవాలి?

ప్రశ్న (విజయనగరం): మేజిస్ట్రేటు కోర్టుకూ సెషన్స్ కోర్టుకూ తేడా ఏమిటో, కోర్టు వార్తల్లో ఏది రాయకూడదో దయచేసి చెప్పగలరా?

జవాబు (శ్రీకాకుళం): ముందు శిక్షల పరిమితి చూడండి. ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటు మూడేళ్ల వరకే జైలుశిక్ష వేయగలరు. సెషన్స్ జడ్జి మరణశిక్ష సైతం విధించవచ్చు గాని, హైకోర్టు ధ్రువీకరించనిదే అది అమలు కాదు. 2024 జూలై 1 నుంచి కొత్త క్రిమినల్ చట్టాలు అమలులోకి వచ్చాయి కనుక పాత గైడ్లలోని సెక్షన్ల నంబర్లను నమ్మవద్దు.

జవాబు (బొబ్బిలి): అత్యాచార బాధితురాలి పేరే కాదు, ఆమెను గుర్తుపట్టే ఏ వివరమూ ప్రచురించరాదని భారతీయ న్యాయ సంహిత (ఐపీసీ స్థానంలో వచ్చిన కొత్త శిక్షాస్మృతి) 72వ సెక్షన్ చెబుతోంది, మన చిన్న ఊళ్లలో వీధి పేరు, తండ్రి వృత్తి రాసినా ఆమె ఎవరో తెలిసిపోతుంది కాబట్టి, దీన్ని మార్కుల కోసం మాత్రమే చదవకండి.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండి. కోర్టు ధిక్కారం గురించి ఏది చదవాలి?

జవాబు (శ్రీకాకుళం): 1971 నాటి చట్టంలో 4వ సెక్షన్ చదవండి. బహిరంగ విచారణను నిష్పాక్షికంగా, ఉన్నదున్నట్లు రాస్తే అది ధిక్కారం కాదు.