సమస్య: కప్పు గెలిచినవాఁడె పో తప్పుకొనియె

నిర్వాహకుడు: నిన్న మావాడు టీవీలో అమెరికా సాకర్ పెట్టుకుని కూర్చుంటే పక్కన కునుకుతున్నప్పుడు తట్టిన పాదం ఇది. మేజర్ లీగ్ సాకర్‌కు, అంటే అక్కడి ఫుట్‌బాల్ లీగుకు, బయటి దేశాల నుంచి వచ్చిన కోచ్‌ల మీదే పూరించండి. టీ కప్పులు, ఇంటి కప్పులు వద్దు. పోయిన వారం పద్యంలో 'ఇస్త్రీ' మాట మీద నడిచిన ఛందస్సు గొడవ ఇక్కడికి మోసుకురావద్దని మనవి.

గోదారిగట్టు:

విశ్వకప్పును బ్రెజిలుకు వెలయఁ దెచ్చి
జెర్సి గడ్డకు వచ్చెను శిక్షకుఁడయి
యేఁడు తిరిగెనొ లేదొ వేఱెవరొ రాఁగఁ
గప్పు గెలిచినవాఁడె పో తప్పుకొనియె

బ్రెజిల్ కోచ్ పరేరా గురించి. 1994లో అమెరికా గడ్డ మీదే బ్రెజిల్‌కు ప్రపంచకప్పు తెచ్చిపెట్టాడు. 1997లో న్యూజెర్సీలో మెట్రోస్టార్స్ జట్టును ప్లేఆఫ్స్ దాకా కూడా లాక్కెళ్లలేకపోయాడు.

సీసమాలిక: 'ఏఁడు తిరిగెనొ లేదొ' బాగుంది మాస్టారూ, ఒప్పుకుంటాను. కానీ మొదటి మాటే వైరి సమాసం! 'విశ్వ' సంస్కృతం, 'కప్పు' ఇంగ్లీషు. ముప్పై ఏళ్లు పాఠం చెప్పిన చేతులేనా ఇవి?

గోదారిగట్టు: పేపర్లో రోజూ 'ప్రపంచకప్పు' చదువుతూ కాఫీ తాగేవారికి నా దగ్గరికొచ్చేసరికి వ్యాకరణం గుర్తొచ్చింది. సంతోషం.

ఫ్రిస్కో బాబాయి: అప్పట్లో ఈ లీగులో డ్రా అనేదే లేదు మాస్టారూ. స్కోరు సమమైతే ఆటగాడు 35 గజాల నుంచి బంతి తోలుకుంటూ వచ్చి 5 సెకన్లలో గోల్ కొట్టాలి. పెనాల్టీ కిక్కుల్లో ప్రపంచకప్పు గెలిచిన పెద్దమనిషికి ఈ పరుగుపందెం చూసి ఏమనిపించి ఉంటుందో! సరే, నాదీ ఒకటి:

రెండె యేండ్లకు నట్లాంట నిండు సభను
గెలిచి యూరేఁగి, మెక్సికో పిలిచె ననుచు
మూటఁ గట్టెను మార్టినో ముదముతోడఁ
గప్పు గెలిచినవాఁడె పో తప్పుకొనియె

అట్లాంటా జట్టు కోచ్ మార్టినో మీద. ఆ ఫైనల్ నేను స్టేడియంలో చూశాను. 2018 డిసెంబరు 8, పోర్ట్‌లాండ్ మీద 2-0. వచ్చినవాళ్లు 73,019 మంది. అక్కడ మ్యాచ్ ముందు బంగారు రంగు మేకును సమ్మెటతో కొట్టే ఆచారం ఒకటుంది. ఆ దెబ్బకు మా అబ్బాయి చేతిలో పాప్‌కార్న్ సగం ముందు సీటాయన కాలర్లోకి వెళ్లింది.

సీసమాలిక: రెండు ప్రాసయతులూ ముచ్చటగా కుదిరాయి. చరిత్రే తిరగబడింది. మార్టినో వెళ్లిపోతున్నట్టు అక్టోబరులోనే చెప్పేశారు, కప్పు వచ్చింది డిసెంబరులో. అంటే గెలిచి తప్పుకోలేదు బాబాయ్, తప్పుకుంటూ గెలిచాడు.

ఫ్రిస్కో బాబాయి: ఇల్లు ఖాళీ చేస్తామని ముందే చెప్పినా, మూట కట్టేది నెలాఖరుకే కదండీ.

బెజవాడ బుల్లోడు: నా వంతు. గెలాక్సీ జట్టుకు కోచ్‌గా వచ్చిన గులిట్ మీద.

చెల్సికిం గప్పు తెచ్చిన శిక్షకుండు
బెకముఁడాడెడి జట్టుకుఁ బెద్దయయ్యె
నాగస్టు నెలలో మూటతో నలిగిపోయెఁ
గప్పు గెలిచినవాఁడె పో తప్పుకొనియె

సీసమాలిక: 'నాగస్టు'! 'స్టు' ముందు 'గ' గురువు కాకుండా ఎక్కడికి పోతుంది బుల్లోడూ? మొదటి గణంలోనే కాలు జారింది. 'ఇస్త్రీ' పద్యంలోనూ ఇంతే, 'ఇ'ని లఘువు చేశావు. ఆ మాట ఎత్తొద్దన్నారు కాబట్టి ఎత్తడం లేదు.

గోదారిగట్టు: నాకు బెక్‌హామ్ 'బెకముఁడు' అయిన దగ్గరే నవ్వాగలేదు. బెకబెకమనేది కప్ప నాయనా, కప్పు కాదు.

బెజవాడ బుల్లోడు: మా వీధిలో అందరం 'ఆగొస్టు' అని తేల్చే పలుకుతామండీ. 'తోన్ అలిగిపోయె', 'తో నలిగిపోయె' అని రెండర్థాలు పెట్టాను, దాన్ని ఒక్కరూ చూడరేం?

నిర్వాహకుడు: చూశాం, భేష్. ఆ పాదం మాత్రం 'నిండ కేఁడాది మూటతో నింటి కేఁగె' అని మార్చుకో. గులిట్ 2007 నవంబరులో లాస్ ఏంజెలెస్ గెలాక్సీకి వచ్చి 2008 ఆగస్టులో వెళ్లాడు కాబట్టి లెక్క కూడా సరిపోతుంది.

బెజవాడ బుల్లోడు: అలిగినవాణ్ణి మామూలుగా ఇంటికి పంపించేశారు. కానివ్వండి.

ఫ్రిస్కో బాబాయి: అలగడంలో తప్పు లేదండీ. ఇక్కడ ఆటగాళ్ల ఒప్పందాలు లీగు చేతిలో, జీతాలకు హద్దు. బెక్‌హామ్‌ను తేవడానికి 2007లో ఒక సడలింపు పెట్టారు, మిగతా జట్టంతా ఆ హద్దులోపలే. ఒక పట్టు చీర, పాతిక నేత చీరలు! ఆ బీరువా సర్దడం వచ్చిన స్థానికుడు బ్రూస్ అరీనా అదే జట్టుకు 2011, 2012, 2014లో కప్పులు తెచ్చాడు.

సీసమాలిక: అందరూ ఒకే వీధిలో తిరుగుతున్నారు. పదం విరిచి చూడండి:

పాత గురువేఁగ, యజమాని పట్టుబట్టి
డబ్బు కట్టలఁ గురిపించి డచ్చి గురునిఁ
దెచ్చె, గోలేది? మూఁడాట లిచ్చె సున్న!
కప్పు గెలిచినవాఁడె పో తప్పు కొనియె

నిర్వాహకుడు: ఆహా! తప్పు... కొనియె! పాదం ఇచ్చిన నాకే తట్టలేదు.

గోదారిగట్టు: విరుపుకు దండం. 'డచ్చి' మాట విని భీమిలి డచ్చివారి సమాధులు గుర్తొచ్చాయి. కానీ మార్టినో తర్వాత అట్లాంటాకు వచ్చిన ఫ్రాంక్ డి బోయర్‌కు సున్న చుట్టడం అన్యాయం. 2020లో ఓర్లాండోలో మూడాటలూ గోల్ లేకుండా పోయాయి, నిజమే. అంతకుముందు 2019లో యూఎస్ ఓపెన్ కప్పు, కాంపియోనెస్ కప్పు తెచ్చింది ఎవరు? నా సమాసంలో వైరం వెతికినవారు తమ పద్యంలో రెండు కప్పులు మింగేశారు.

సీసమాలిక: నాలుగు పాదాల్లో ఎన్ని కప్పులు పడతాయి మాస్టారూ, ఇది వంటింటి గూడు కాదు.

ఫ్రిస్కో బాబాయి: ఇంతకీ గ్యారీ స్మిత్ ఎవరికీ గుర్తు రాలేదేం? ఇంగ్లండు మనిషి. 2010లో కొలరాడో రాపిడ్స్‌కు కప్పు, 2011 నవంబరుకల్లా బయటికి. పాదం ఆయన కోసమే పుట్టినట్టుంది.

బెజవాడ బుల్లోడు: గంట నుంచి ఆయన్నే పట్టుకు కూర్చున్నాను. 'స్మిత్తు' సూర్యగణం కుదిరింది. ప్రాసయతికి 'మిత్తి' తప్ప ఇంకేం తట్టడం లేదు. బతికున్న మనిషి, పాపం కదా.

ఫ్రిస్కో బాబాయి: మా కరీంనగర్లో మిత్తి అంటే వడ్డీ. రాసెయ్ బుల్లోడూ.