వంటింటి సింక్ నెలకోసారి మొరాయిస్తోంది: స్ప్రింగా, జెట్టింగా, తవ్వించాలా?

మల్లెతీగ:

నమస్కారం అండీ. మా వంటింటి సింక్ గురించి సలహా కావాలి. ఐదు నెలల్లో ఇది నాలుగోసారి. ముందు నీళ్లు మెల్లగా దిగడం మొదలవుతుంది, వారం తిరిగేసరికి పూర్తిగా నిలిచిపోతాయి. ప్లంబర్ వస్తారు, స్ప్రింగ్ మిషన్‌తో పొడవాటి స్ప్రింగ్ తీగను పైపులోకి పంపి తిప్పుతారు, నీళ్లు సర్రున పోతాయి. సరిగ్గా నాలుగైదు వారాలకు మళ్లీ మొదటికొస్తుంది.

ఈసారి ముగ్గురిని పిలిచి అడిగాను. ఒకరు స్ప్రింగే చాలన్నారు. రెండో ఆయన జెట్టింగ్ (ప్రెషర్‌తో నీళ్లు కొట్టి పైపు లోపల కడగడం) చేయించకపోతే ఎన్నిసార్లు స్ప్రింగ్ పెట్టినా దండగ అన్నారు. మూడో ఆయన ఛాంబర్ (ఇంటి వెనక మురుగు తొట్టి) మూత కూడా తెరవకుండానే, మొత్తం తవ్వి కొత్త లైను వేయాలన్నారు. ముగ్గురూ అనుభవం ఉన్నవాళ్లలాగే మాట్లాడారు. ఎవరి మాట వినాలో తేలడం లేదు.

మా లైను ఇలా ఉంటుంది. సింక్, వాషింగ్ మిషన్ రెండూ 75 మిల్లీమీటర్ల పీవీసీ పైపులో కలుస్తాయి. ఆ పైపు నేల కిందనుంచి ఇంటి వెనక ఛాంబర్ దాకా వెళ్తుంది, టేపు పెట్టి కొలిస్తే తొమ్మిది మీటర్లు. బాత్రూమ్ లైను వేరు, అందులో ఏ ఇబ్బందీ లేదు. సింక్ కింద బాటిల్ ట్రాప్ (నీళ్లు నిలిచి వాసనను ఆపే సీసాలాంటి గిన్నె) నేనే విప్పి కడిగాను, అది శుభ్రంగానే ఉంది. వాషింగ్ మిషన్ నీళ్లు వదిలినప్పుడు సింక్ జాలీలోంచి బుడబుడమని బుడగలొస్తాయి, ఒక్కోసారి సబ్బు నురగ కూడా పైకి వస్తుంది.

మొన్న డ్రెయిన్ పౌడర్ ఒక డబ్బా మొత్తం పోశాను. ఏమీ కదల్లేదు. దాని మీద యాసిడ్ పోస్తే పోతుందని పక్కింటావిడ అంటున్నారు. పోయొచ్చా?


తూర్పుగుమ్మం:

యాసిడ్ మాత్రం వద్దండీ, దయచేసి. మీరు పోసిన పౌడర్లో ఎక్కువగా ఉండేది కాస్టిక్ సోడా. దాని మీద యాసిడ్ పడితే ఒక్కసారిగా వేడెక్కి, మరిగి, జాలీలోంచి మొహం మీదికి చిమ్ముతుంది. బ్లీచింగ్ కలిసిన నీళ్ల మీద యాసిడ్ పడితే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, మూసి ఉన్న వంటింట్లో అది ప్రాణం మీదికి తెస్తుంది.

మా తమ్ముడు ప్లంబింగ్ పని చేస్తాడు. ఒక ఇంట్లో ముందురోజు ఏదో పోసి, ఆ సంగతి వాడికి చెప్పలేదు. వాడు కింద కూర్చుని ట్రాప్ విప్పగానే నిలవున్న నీళ్లు ముంజేతి మీద పడ్డాయి. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. ఎవరిని పిలిచినా ముందు ఏం పోశారో, ఎప్పుడు పోశారో చెప్పండి.


పైపులమేస్త్రి:

అమ్మా, ఇరవై ఆరేళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను. ఆ ముగ్గురూ మీకు మందు చెప్పారు గానీ జబ్బేంటో చెప్పలేదు. స్ప్రింగ్, జెట్టింగ్, తవ్వకం మూడూ సరైన చోట సరైన పద్ధతులే. లోపల ఏముంది, ఎంత దూరంలో ఉంది, పైపు గట్టిగా ఉందా లేదా, ఇవి తెలిస్తే ఏ పద్ధతో ఎవరినీ అడగక్కర్లేదు.

నేను ఏ ఇంటికి వెళ్లినా మొదట అడిగేది, పోయినసారి స్ప్రింగ్ బయటికి లాగినప్పుడు దాని కొసకు ఏం అంటుకుని వచ్చింది అని. చాలామంది నీళ్లు కదలగానే స్ప్రింగ్ గుడ్డతో తుడిచి చుట్టేస్తారు. తుడవకముందు ఆ కొసను వెలుతురులో పెట్టి చూడాలి. బూడిదరంగు మైనంలా ఉండి, గ్లవ్స్ వేళ్ల మధ్య నలిపితే సాగి, పుల్లటి కంపు కొడితే జిడ్డు. నల్లగా తాడులా పేనుకుని వస్తే వెంట్రుకలు, అది బాత్రూమ్ లైన్లలో ఉండే జబ్బు. సన్నటి పీచులా వచ్చి, లాగితే నారలా తెగితే చెట్టు వేళ్లు. ఇసుక, మట్టి, చిన్న రాళ్లు వస్తే మాత్రం అక్కడే ఆగాలి. ఎక్కడో పైపు పగిలితేనో, జాయింటు ఊడితేనో లోపలికి మట్టి వస్తుంది. ఇక కొస శుభ్రంగా తిరిగొచ్చిందంటే, అది అడ్డం దాకా చేరి ఉండదు, లేదా మెత్తటిదాంట్లో దూరి ఊరికే తిరిగి ఉంటుంది.

మీది నెలకోసారి వస్తోంది, పైగా వంటింటి లైను. జిడ్డే అని నా అనుమానం. జిడ్డు గడ్డలా ఒకచోట ఉండదు. పైపు గోడల చుట్టూ పొరలు పొరలుగా పేరుకుంటుంది. స్ప్రింగ్ దాని నడుమ వేలెడు బొక్క చేస్తుంది, నీళ్లు పోతాయి. ఆ బొక్క పూడడానికి మీ ఇంట్లో నాలుగైదు వారాలు పడుతోంది. స్ప్రింగ్ పెట్టినాయన మోసం చేయలేదు, ఆ మిషన్ చేయగలిగింది అంతే. గుడ్డపీలిక, వెంట్రుకల ఉండ లాంటివైతే మాత్రం స్ప్రింగ్ కొసకున్న కొక్కెం తగిలించి బయటికి లాగుతుంది. అలాంటివి జెట్టింగ్‌తో తోస్తే ఇంకా లోపలికి పోయి ఇరుక్కుంటాయి.

జెట్టింగ్ గొట్టం కొసన నాజిల్ ఉంటుంది. దాని రంధ్రాలు ఎక్కువ వెనక్కి చూస్తుంటాయి. ఆ వెనక్కి కొట్టే ధారలే గొట్టాన్ని ముందుకు తోస్తాయి, మెల్లగా తిరిగి లాగుతుంటే గోడల్ని చుట్టూ కడుగుతూ వస్తాయి. అందుకే సింక్ వైపునుంచి కాకుండా ఛాంబర్ వైపునుంచి గొట్టం పంపిస్తే మంచిది, ఊడిన జిడ్డంతా వాలున ఛాంబర్లోకే వస్తుంది. ఛాంబర్లో ఒక జల్లెడ పెట్టి దాన్ని ఎత్తి తీసేయాలి, ముందుకు వదిలితే అవతల లైను పూడుతుంది. ప్రెషర్ ఎంత అని అందరూ అడుగుతారు, నిమిషానికి ఎన్ని లీటర్లు అని అడగరు. ప్రెషర్ జిడ్డును ఊడగొడుతుంది, దాన్ని మోసుకెళ్లేది నీళ్ల పరిమాణం. రెండూ అడగండి.

వేడినీళ్లు మరగబెట్టి పోసే అలవాటుంటే మానేయండి. జిడ్డు కరిగి రెండు మీటర్లు ముందుకెళ్లి, చల్లారి అక్కడ గడ్డకడుతుంది. పీవీసీ 60 డిగ్రీలు దాటితే మెత్తబడడం మొదలుపెడుతుంది. గాలి ప్రెషర్‌తో ఒక్క దెబ్బకు తోసేస్తామని ఎవరైనా వస్తే నేల కింద లైనుకు ఒప్పుకోకండి, అడ్డం కదలకపోతే ఆ దెబ్బంతా జాయింట్ల మీద పడుతుంది.

ఇప్పుడు మీరో పని చేయండి. పౌడర్ నీళ్లు లోపలున్నాయి కాబట్టి గ్లవ్స్, కళ్లద్దాలు పెట్టుకోండి, ప్లంజర్ జోలికి పోకండి. కొద్దికొద్దిగా మంచినీళ్లు పోస్తూ ఇంకిపోనివ్వండి. వీలైతే ఒకటి రెండు రోజులు సింక్, వాషింగ్ మిషన్ వాడకండి. ఆ తర్వాత పొద్దున్నే ఛాంబర్ మూత తీయించి పక్కన ఒకరిని నిలబెట్టండి, వంగి లోపలికి తల పెట్టొద్దు. మీరు లీటరు మగ్గుతో లెక్కపెడుతూ సింక్‌లో పోయండి. ఛాంబర్ ముందే నిండి ఉంటే అడ్డం దాని అవతల ఉన్నట్టు. ఛాంబర్ పొడిగా ఉండి సింక్ నిండితే మీ తొమ్మిది మీటర్లలోనే ఉన్నట్టు. 75 పైపు మీటరుకు దాదాపు నాలుగు లీటర్లు పడుతుంది. ఎన్ని మగ్గులకు నీళ్లు పైకొచ్చాయో రాసుకోండి.


మల్లెతీగ:

మేస్త్రి గారూ, మీరు చెప్పినట్టే చేశాను. రెండు రోజులు గిన్నెలు బయట కుళాయి దగ్గర కడిగాం. ఈ రోజు పొద్దున మా అబ్బాయి ఛాంబర్ దగ్గర నిలబడ్డాడు. ఛాంబర్ అడుగు దాదాపు ఎండిపోయి ఉంది. 21 మగ్గులు పోసేసరికి జాలీలో నీళ్లు కనిపించాయి. అప్పటిదాకా అవతలికి సన్నగా దారంలా కారాయి తప్ప ధార లేదట. స్ప్రింగ్ కొస గురించి పాత ప్లంబర్‌కు ఫోన్ చేసి అడిగితే, ప్రతిసారీ తెల్లగా మైనంలాంటిదే వచ్చిందన్నారు.


పైపులమేస్త్రి:

చాలా శ్రద్ధగా చేశారమ్మా. 21 లీటర్లంటే లెక్కకు ఐదు మీటర్ల పైచిలుకు. గోడలకు జిడ్డు పట్టి పైపు ఇరుకైంది కాబట్టి అసలు దూరం ఇంకొంచెం ఎక్కువే, ఆరు మీటర్ల దగ్గర అనుకుందాం. నాకు తడుతున్న సందేహం ఇంకొకటి. జిడ్డు లైనంతా పడుతుంది, నిజమే. కానీ ప్రతిసారీ ఇంత తొందరగా పూడాలంటే నీళ్లు ఎక్కడో నిలవ ఉండాలి. పైపు వాలు మీటరుకు రెండు సెంటీమీటర్ల చొప్పున ఉంటే నీళ్లు, చెత్త కలిసి పోతాయి. మధ్యలో కుంగితే ఆ గుంటలో నీళ్లు నిలిచి, జిడ్డు చల్లారి, అక్కడే దిగబడుతుంది. అదే అయితే స్ప్రింగూ, జెట్టింగూ రెండూ తాత్కాలికమే.

కాబట్టి వరస ఇలా పెట్టించండి. ముందు స్ప్రింగ్‌తో నీళ్లకు దారి చేయాలి, అంతవరకే. తర్వాత ఛాంబర్ వైపునుంచి జెట్టింగ్. మీ పీవీసీకి 100 నుంచి 120 బార్ ప్రెషర్ చాలు, అంతకు మించి కొడతామంటే ఎందుకో అడగండి. ఆఖర్న పైపులోకి దింపే కెమెరా. కెమెరా ముందు పెడితే మురికినీళ్లు తప్ప ఏమీ కనపడదు, చాలామంది అలా డబ్బు వదిలించుకుంటారు. కెమెరా వెళ్తున్నప్పుడు సింక్‌లో కొళాయి సన్నగా వదిలి ఉంచండి. పక్కనే నిలబడి చూడండి. తెర మీద మీటర్ల అంకె కనిపిస్తుంది. నీటి మట్టం కెమెరా అద్దం మీదికి ఎక్కితే ఆ అంకె రాసుకోండి, దిగినప్పుడు మళ్లీ రాసుకోండి. ఆ రికార్డింగ్ మీ చేతికివ్వమని ముందే మాట్లాడుకోండి.


రెండోమలుపు:

మేస్త్రి గారి మాటకు ఒకటి కలపాలనిపించింది. మాది పాత ఇల్లు, బయట లైను పింగాణీ గొట్టాలు, సిమెంటు జాయింట్లు. వచ్చినవాళ్లు ఏ పైపు అని అడగకుండా పెద్ద జెట్టింగ్ మిషన్ పెట్టారు. నీళ్లు బ్రహ్మాండంగా పోయాయి, సంతోషించాం. రెండు నెలలకు వరండా మూల గచ్చు కుంగింది. తవ్వి చూస్తే జాయింటు దగ్గర మట్టంతా కొట్టుకుపోయి చెయ్యి పట్టేంత గుల్ల ఏర్పడింది. ఆ జాయింటు ముందే వదులుగా ఉండి ఉంటుంది, చెట్టు వేళ్లు కూడా దూరాయి. పాత లైనున్నవాళ్లు దయచేసి మెత్తగా దారి చేయించి, కెమెరా చూశాకే జెట్టింగ్ ప్రెషర్ మాట్లాడుకోండి.


పైపులమేస్త్రి:

మీరన్నది అక్షరాలా నిజం. పాత పింగాణీ లైనులో వేళ్లుంటే నేను తిరిగే కత్తిబిళ్ల పెట్టి కోసి, తక్కువ ప్రెషర్‌తో కడిగి వదిలేస్తాను. కోసిన వేరు మళ్లీ పెరుగుతుంది కాబట్టి, పైపు ఆకారం నిలిచి ఉంటే లోపలినుంచి లైనింగ్ (పాత పైపు లోపల కొత్త పొర) వేయించుకోమంటాను. విరిగి కూలిపోయి ఉంటే తవ్వడమే.

ఇంకో మాట, ఇది చదివే అందరికీ. ఛాంబర్లోకి, మ్యాన్‌హోల్లోకి, సెప్టిక్ ట్యాంకులోకి ఎవరినీ దింపొద్దు. లోపలి గ్యాస్ మొదట కుళ్లిన గుడ్డు వాసన వేస్తుంది, మోతాదు పెరిగితే ముక్కు ఆ వాసన పట్టడం మానేస్తుంది. వాసన పోయిందని దిగినవాళ్లు తిరిగి రాలేదు. దిగుతానని ఎవరైనా అన్నా మీరు ఒప్పుకోకండి.


మల్లెతీగ:

పని జరిగిందండీ. స్ప్రింగ్, జెట్టింగ్, కెమెరా, మీరు చెప్పిన వరసలోనే. మూడూ చేసేవాళ్లనే వెతికి పట్టుకున్నాను. జెట్టింగ్ చేస్తున్నంతసేపు తెల్లటి పెంకులు, అరచేతి మందాన, పైపు వంపు అచ్చుపడినట్టు వంకరగా జల్లెడలో పడ్డాయి. మూడు బకెట్లు ఎత్తారు. ఇన్నాళ్లూ మా సింక్ కింద ఇదంతా ఉందా అనిపించింది.

కెమెరా సింక్ వైపునుంచి దింపారు. ఆరు మీటర్ల దాకా గోడలు మెరుస్తూ కనిపించాయి. 6.2 దగ్గర నీళ్లు అద్దం మీదికి ఎక్కాయి, తెరంతా మసక. 7.4 దగ్గర మళ్లీ తేరుకుంది. మేస్త్రి గారూ, మీ అనుమానం నిజమే, పైపు అక్కడ కుంగింది. ఆ చోటు సరిగ్గా మేం కొత్తగా నీళ్ల డ్రమ్ములు పెట్టిన గచ్చు కింద ఉంది. తొమ్మిది మీటర్లు అక్కర్లేదు, రెండు మీటర్లు తవ్వి, కింద ఇసుక పరిచి, వాలు సరిచేసి వేస్తే చాలన్నారు. వచ్చే వారం పెట్టుకున్నాం. డ్రమ్ములు ఇవాళే తీయించేశాను.

ఆఖరి సందేహం. ఆ తర్వాత నెలనెలా ఏదైనా పోస్తూ ఉండాలా? బ్యాక్టీరియా ద్రావణం ఒకటి వాడమంటున్నారు.


పైపులమేస్త్రి:

వాడొచ్చమ్మా, కానీ అది ఉన్న అడ్డాన్ని తీసేది కాదు, శుభ్రంగా ఉన్న గోడల మీద కొత్త పొర పట్టకుండా మెల్లగా పనిచేసేది. రాత్రి పడుకోబోయే ముందు పోయండి, పొద్దున దాకా నీళ్లు వదలకండి. బ్లీచింగ్ వాడిన రోజు పోస్తే ఆ బ్యాక్టీరియా చచ్చిపోతుంది. దానికన్నా ముందు, జిడ్డు గిన్నెలు కాగితంతో తుడిచి ఆ కాగితం చెత్తబుట్టలో వేసి, తర్వాత కడగండి.

కొత్త ముక్క వేసేటప్పుడు మట్టి కప్పకముందే రెండు బకెట్లు పోయించి, ఛాంబర్ దగ్గర ధార ఎలా పడుతుందో మీ కళ్లతో చూడండి. ధార తెగకుండా వచ్చి, ఆగాక రెండు నిమిషాల్లో చుక్కలు తగ్గిపోతే కప్పమనండి. చాలాసేపు కారుతూనే ఉంటే ఇంకా ఎక్కడో నీళ్లు నిలుస్తున్నట్టే, మళ్లీ లెవెల్ పెట్టించండి.