ప్రీ-కమిట్ హుక్ అందరికీ తప్పనిసరి చెయ్యాలా, సీఐకి వదిలెయ్యాలా?

కావలి_కుర్రోడు:
మాది నెల్లూరులో చిన్న టీమ్, రొయ్యల చెరువుల మేత లెక్కలు, నీటి పరీక్షలు రాసుకునే యాప్ చేస్తున్నాం, బ్యాకెండ్ పైథాన్. ప్రీ-కమిట్ హుక్స్ (గిట్‌లో కమిట్ కొట్టగానే, అది సేవ్ అయ్యేముందు మన మెషిన్‌లోనే నడిచే తనిఖీలు) అందరూ పెట్టుకోవాల్సిందే అంటున్నాడు మా లీడ్. కోడ్ ఫార్మాట్ సర్దే బ్లాక్, స్టైల్ తప్పులు పట్టే ఫ్లేక్8, టైపులు చూసే మైపై, కోడ్‌లో వదిలేసిన కీలు పట్టే గిట్‌లీక్స్, అవి చాలవన్నట్టు మొత్తం టెస్టులు కూడా అందులోనే. కమిట్ కొట్టి టీకి పోయొచ్చినా ఇంకా తిరుగుతానే ఉంటుంది. సగం మంది హుక్స్‌ని దాటేసే --నో-వెరిఫైకి అలవాటు పడ్డారు. కోడ్ సర్వర్‌కి పంపాక (పుష్) అక్కడ తనంతట తనే నడిచే తనిఖీ, అదే సీఐలో ఎలాగూ పట్టుకుంటుంది కదా, ఇదంతా అవసరమా?

పెన్నా_పైథాన్:
నేను మీ లీడ్ వైపే. రివ్యూలో సగం కామెంట్లు స్పేసుల మీద, ఇంపోర్టుల వరస మీద ఉంటే అసలు లాజిక్ ఎవరు చూస్తారు? మేత లెక్కలో కిలోలు, గ్రాములు తారుమారైతే పట్టుకోవాల్సింది మనిషి, కొటేషన్లు సింగిలా డబులా అనేది మెషిన్ చూసుకోవాలి. సీఐ దాకా ఆగితే పుష్ చెయ్యి, ఎర్ర గుర్తు వచ్చేదాకా కాచుకో, ఒక స్పేస్ తీసి మళ్లీ పుష్ చెయ్యి. హిస్టరీ నిండా ఈ స్టైల్ తప్పులు దిద్దిన కమిట్లే, 'ఫిక్స్ లింట్', 'ఫిక్స్ లింట్ మళ్లీ'.

ఒంగోలు_గిత్త:
తప్పనిసరి అంటే ఏంది బ్రో? హుక్స్ ఉండే .గిట్/హుక్స్ ఫోల్డర్ రెపో కాపీ (క్లోన్)తో రాదు, కావాలనే అట్లా పెట్టారు, ఎవరిదో రెపో క్లోన్ చేస్తేనే వాళ్ల ప్రోగ్రాములు మన మెషిన్‌లో నడిస్తే ఇంకేమన్నా ఉందా. ప్రతి ఒక్కరూ ప్రీ-కమిట్ ఇన్‌స్టాల్ కొట్టుకోవాల్సిందే, కొట్టనోణ్ణి ఆపేది సీఐ ఒక్కటే. ఇంకో సంగతి, లోకల్ కమిట్ నా చిత్తు పుస్తకం. సాయంత్రం కరెంటు పోయేలోగా సగం పని దాచుకుందామంటే టైప్ ఎర్రర్ అని ఆపుతుంది. పంపేముందు ఎలాగూ అన్నీ ఒకే కమిట్‌గా కలిపి స్క్వాష్ చేస్తాను, మధ్యలో దీని పెత్తనం ఏంది?

పెన్నా_పైథాన్:
చిత్తు కమిట్‌కి టెస్టులు అడగడం అన్యాయమే, ఒప్పుకుంటా. కానీ ఎవరన్నా క్లౌడ్ కీ (పాస్‌వర్డ్ లాంటిది) కోడ్‌లో వదిలేస్తే? సీఐ చూసేసరికి అది సర్వర్ మీదకి పోయినట్టే. తర్వాతి కమిట్‌లో తీసేసినా హిస్టరీలో ఉంటుంది, కీ మార్చుకోవాల్సిందే. పెద్ద ఫైళ్లూ అంతే, చెరువు ఫోటోలు ఒకసారి లోపలికి పోతే ప్రతి క్లోన్ మోస్తుంది. చెక్-యాడెడ్-లార్జ్-ఫైల్స్ అనే హుక్ పెడితే 500 కేబీ దాటినవి అక్కడే ఆగుతాయి.

ఒంగోలు_గిత్త:
కీల సంగతి సరే. మొదటిసారి నడిపినప్పుడు ఒక్కో హుక్‌కి వేరే ఎన్విరాన్‌మెంట్ (దానికి కావాల్సిన లైబ్రరీల సెట్) డౌన్‌లోడ్ అవుద్ది కదా, అది ఫోన్ హాట్‌స్పాట్ మీద పనిచేసే ఇంటర్న్ పిల్లల్ని అడుగు.

కందుకూరు_అక్క:
తమ్ముడూ కావలీ, మీ లీడ్‌కి ఒక్క మాట చెప్పు. --నో-వెరిఫై కొడితే టెస్టులు మాత్రమే ఆగవు, కీలు వెతికే గిట్‌లీక్స్ కూడా ఆగిపోతుంది. అంటే హుక్‌ని బరువు చేసి, ఉన్న ఒక్క పనికొచ్చే కాపలా కూడా మీ చేత్తోనే తీయిస్తున్నాడు. పిల్లలకి క్రమశిక్షణ లేదని తిట్టే ముందు అది చూసుకోమను. మొండికేసిన హుక్ ఒక్కటే దాటాలంటే స్కిప్ వేరియబుల్‌లో దాని పేరిస్తే చాలు, మిగతావి నడుస్తాయి.

టెస్టులు సీఐకి పంపండి. మైపై కూడా అక్కడికే, ఎందుకంటే హుక్‌లో అది విడి ఎన్విరాన్‌మెంట్‌లో నడుస్తుంది, మీ ప్రాజెక్ట్ లైబ్రరీలు విడిగా చెప్తే తప్ప దానికి కనపడవు, పాస్ అయిందని సంబరపడటమే. బ్లాక్, ఫ్లేక్8 బదులు రఫ్ ఒక్కటే పెట్టుకోండి, రస్ట్‌లో రాశారు, కమిట్ కొట్టిన సంగతే తెలియదు. హుక్ స్టేజ్ చేసిన (ఈ కమిట్‌కి ఎంచుకున్న) ఫైళ్లే చూస్తుంది కాబట్టి అదే కాన్ఫిగ్‌ని సీఐలో --ఆల్-ఫైల్స్‌తో నడపండి, ఇన్‌స్టాల్ చెయ్యనోళ్లు అక్కడ దొరుకుతారు.

పెన్నా_పైథాన్:
టెస్టులు పుష్‌కి ముందు నడిచే ప్రీ-పుష్ హుక్‌లో పెట్టొచ్చుగా అక్కా?

కందుకూరు_అక్క:
నిమిషంలోపు అయ్యేవైతే పెట్టు. దానికీ --నో-వెరిఫై ఉంది మరి.

కావలి_కుర్రోడు:
లీడ్‌కి చూపించా అక్కా. టెస్టులు తీసేస్తానన్నాడు, మైపై దగ్గర ఇంకా బిగుసుకునే ఉన్నాడు. పాత కోడ్ మొత్తం రఫ్‌తో ఒకేసారి ఫార్మాట్ చేద్దామంటున్నాడు, ఏ లైన్ ఎవరు మార్చారో చూపే బ్లేమ్‌లో ప్రతి లైనూ ఆయన పేరు మీదే పడదా?

కందుకూరు_అక్క:
ఆ ఫార్మాట్ ఒక్కటే విడి కమిట్‌గా పెట్టి, దాని హ్యాష్‌ని (కమిట్ గుర్తింపు నంబర్) .గిట్-బ్లేమ్-ఇగ్నోర్-రెవ్స్ అనే ఫైల్లో రాసి, బ్లేమ్.ఇగ్నోర్‌రెవ్స్‌ఫైల్ సెట్టింగ్‌లో ఆ ఫైల్ పేరివ్వండి. 2019లో వచ్చిన గిట్ 2.23 నుంచీ ఉంది, గిట్‌హబ్ అయితే ఆ పేరు చూసి తనే దాటేస్తుంది. ఓపెన్‌లో ఉన్న పుల్ రిక్వెస్టులు మాత్రం ముందే మెర్జ్ చేసుకోండి, లేకపోతే కాన్‌ఫ్లిక్టులతో చస్తారు.