దెర్కోవిట్స్ తరహా చెక్క అచ్చు: ప్లైవుడ్ మీద సన్నగీతలు లేచిపోతున్నాయి

బ్రాడీపేట_బొమ్మలు:
హంగేరీ చిత్రకారుడు దెర్కోవిట్స్ ద్యూలా (1894–1934) చెక్కిన ‘1514’ వరస చూసి, ఆ తీరులో 6 ఎంఎం ప్లైవుడ్ మీద చెక్కుతున్నా. సన్నగీతలు పెచ్చులుగా లేస్తున్నాయి, నల్లభాగం మచ్చలుగా పడుతోంది. లినోలియం (నేల మీద పరిచే మెత్తని షీటు) మేలా? కొండపల్లి బొమ్మల పొణికి చెక్క పనికొస్తుందా?

పెడన_అచ్చు:
పొణికి వద్దండీ. బొమ్మకు తేలిక, మెత్తదనం కావాలి. అచ్చుకు గీత నిలబడే గట్టిదనం కావాలి. పొణికిలో సన్నగీత ఒత్తిడికే నలిగిపోతుంది. పెడన కలంకారీ అచ్చులు టేకుతో చేసేది ఊరికే కాదు.

ప్లైవుడ్ పైపొర పలచన, దాని కింది పొర ఈనె (చెక్కలోని నారల వరస) అడ్డంగా ఉంటుంది. మొద్దు ఉలి కోయదు, పైపొరను ఎత్తేస్తుంది. ముందు పలచని షెల్లాక్ (లక్క వార్నిష్) ఒక పూత వేసి, ఆరాక 400 నంబరు గరుకు కాగితంతో రుద్దండి. గీతకు రెండు పక్కలా కత్తితో గాటు పెట్టాలి. గాటు గీత నుంచి బయటికి వాలాలి. లోపలికి వాలిందా, గీత అడుగు సన్నబడి విరుగుతుంది. ఆ తర్వాతే వి-ఉలి (V ఆకారపు మొన ఉన్నది). గీతల మధ్య 1 ఎంఎం లోతు చాలు, పెద్ద ఖాళీల్లో 3 ఎంఎం తీయకపోతే కాగితం కుంగి మరకలు పడతాయి.

మచ్చలకు కారణం చెక్క సిరాను పీల్చుకోవడం. మొదటి రెండు మూడు ప్రతులు ఎలాగూ వెలవెలబోతాయి, లెక్కలోకి తీసుకోకండి. నూనె సిరాను పట్టుచీర నలిగిన చప్పుడు వచ్చేంత పలచగా రోలర్‌తో పరిచి, రెండు మూడుసార్లు పూయండి. పలచని కాగితం పరిచి స్టీలు చెంచా వెనకవైపుతో చిన్న సున్నాలుగా రుద్దండి. ఒక మూల ఎత్తి చూసుకోవచ్చు, కానీ రెండో మూల కదలకూడదు.

కృష్ణలంక_నలుపు:
పైవన్నీ సరే, అసలు తేడా బొమ్మలో ఉంది. దెర్కోవిట్స్ వడ్రంగం నేర్చిన మనిషి. 1928–29లో చేసిన ఆ వరస 1514 నాటి హంగేరీ రైతుల తిరుగుబాటు గురించి. నాయకుడు దోజాను ఎర్రగా కాల్చిన ఇనప సింహాసనం మీద కూర్చోబెట్టి చంపారు. ఆ చెక్కడాల్లో నలుపుదే పెత్తనం. తెలుపంటే ఉలి నడిచిన దారి. మీరేమో పెన్సిల్ గీతలన్నీ నల్లగా నిలబెట్టాలని చూస్తున్నట్టున్నారు, అందుకే ఇన్ని పెచ్చులు. చెక్కంతా ముందే పలచని నల్లసిరాతో పూసి, వెలుగు పడే చోటే తీయండి. బొమ్మ తిరగబడుతుందని మరవద్దు: కుడిచేతి కొడవలి ఎడమచేతికి పోతుంది.
లినోలియంలో ఈనె ఉండదు, ఉలికి ఎదురు ఉండదు. పని సులువే, ఆ మొరటుదనం మాత్రం రాదు.

బ్రాడీపేట_బొమ్మలు:
అర్థమైందండీ. ఆయన పెయింటింగుల్లో వెండిలా మెరిసేదేమిటి?

కృష్ణలంక_నలుపు:
రంగులతో పాటు లోహపు పొడులూ వాడేవారు. మీరు ప్రయత్నిస్తే అల్యూమినియం పొడి తీసుకోండి. కంచు పొడి నూనెలో రానురాను పచ్చబడుతుంది.